ఊసరవెల్లి పంజరానికి వెలుగు, వేడి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఊసరవెల్లి పెంపకం గురించి మనకు దొరికే సమాచారంలో ఎక్కువ భాగం చలిదేశాలవారు రాసినదే. అక్కడ ఇంటి గది ఏడాదిలో చాలా నెలలు చల్లగా ఉంటుంది కనుక, వారి మొదటి ఆలోచన పంజరాన్ని ఎలా వెచ్చబెట్టాలన్నదే. అదే సలహాను నెల్లూరులోనో ఒంగోలులోనో అక్షరాలా పాటిస్తే జంతువు బతకదు. మన దగ్గర వెలుగును కొని తెచ్చుకోవాలి, వేడిని మాత్రం సంవత్సరంలో ఎక్కువ కాలం తగ్గించుకుంటూ రావాలి. కింది సమాధానాలన్నీ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

పొలాల్లో, కంపచెట్ల మీద కనిపించే ఊసరవెల్లిని పట్టుకొచ్చి పెంచుకోవచ్చా?

పెంచుకోకూడదు. మన నాటు ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తోంది. దానిని పట్టడం, ఇంట్లో ఉంచడం, అమ్మడం నేరం. ఇంటి ఆవరణలోకి వస్తే అలాగే చెట్టు మీదికి పోనివ్వండి. గాయపడి ఉంటే అటవీశాఖవారికి తెలియజేయండి. మన ఊళ్ళలో కంచెల మీద తల ఎగరేస్తూ, మెడ ఎర్రబరుచుకునే తొండను కూడా చాలామంది ఊసరవెల్లి అనే పిలుస్తారు. అసలు ఊసరవెల్లి పాదాలు పటకారులా కొమ్మను పట్టుకుంటాయి, కళ్ళు రెండూ వేరువేరు దిక్కులకు తిరుగుతాయి, తోక చుట్టచుట్టుకుంటుంది.

ఇక్కడ చెప్పేదంతా యెమెన్, నైరుతి సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన వీల్డ్ ఊసరవెల్లి గురించి, కొంతమేరకు మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లి గురించి. ఈ రెండూ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నాయి. 2022లో జరిగిన చట్ట సవరణ, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇటువంటి జంతువు చేతికి వచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితాలు చూపలేని అమ్మకందారు దగ్గర, ధర ఎంత తక్కువైనా, కొనవద్దని నా గట్టి సలహా.

గదిలో ట్యూబులైటు ఉంది కదా, మళ్ళీ వేరే దీపం ఎందుకు?

గదిలోని ట్యూబులైటు, ఎల్‌ఈడీ బల్బు మన కళ్ళకు కావలసిన వెలుగునిస్తాయి. ఊసరవెల్లి ఎముకలకు కావలసినది కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల్లో ఒక భాగం. దానినే యూవీబీ అంటారు. 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే ఈ కిరణాలు చర్మానికి తగిలినప్పుడు అక్కడ ఉన్న ఒక కొవ్వు పదార్థం మారి డీ3 విటమిన్‌కు ముందు దశ అవుతుంది, ఆ తరువాత శరీరపు వెచ్చదనం వల్ల అది డీ3గా మారుతుంది. అంటే వెలుగు, వేడి రెండూ కలిస్తేనే ఈ పని పూర్తవుతుంది. అందుకే యూవీబీ ట్యూబునూ వేడి బల్బునూ పంజరంలో రెండు మూలలకు పెట్టకుండా, ఒకే కొమ్మ మీద పడేటట్లు అమర్చాలి.

డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం ఎముకల నుంచి లాక్కుంటుంది. ముందుగా పట్టు సడలుతుంది, తరువాత ముంగాళ్ళు వంకరపోతాయి, దవడ మెత్తబడుతుంది, పురుగును పట్టడానికి నాలుక విసరలేకపోతుంది. పిల్లల్లో ఇది కొద్ది నెలల్లోనే జరిగిపోతుంది, వంగిన ఎముక మళ్ళీ నిటారు కాదు. మన ప్రాంతంలో పెంపుడు ఊసరవెల్లులకు వేడి ఎక్కువై వచ్చే ప్రమాదం అందరికీ కంటికి కనిపిస్తుంది కానీ, వెలుగు చాలక వచ్చే ఈ జబ్బు చాపకింద నీరులా వస్తుంది.

కిటికీ పక్కన పంజరం పెడితే ఎండ తగులుతుంది కదా?

ఎండ తగులుతుంది, యూవీబీ మాత్రం తగలదు. సాధారణ కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వెచ్చదనం మాత్రం లోపలికి వచ్చి నిలిచిపోతుంది. అంటే మనకు అక్కరలేనిది వస్తుంది, కావలసినది రాదు.

ఏ యూవీబీ దీపం తీసుకోవాలి?

టీ5 హెచ్‌ఓ అనే, సన్నగా పొడవుగా ఉండి ఎక్కువ వెలుగునిచ్చే ఫ్లోరోసెంట్ ట్యూబు, వెనక అద్దంలా మెరిసే రిఫ్లెక్టరు ఉన్న ఫిట్టింగు తీసుకోండి. పెట్టె మీద యూవీబీ మోతాదు 5.0 అని గానీ, 6 శాతం అని గానీ ఉండే రకం వీల్డ్, పాంథర్ జాతులకు సరిపోతుంది. 10.0 లేదా 12 శాతం రకాలు ఎడారి బల్లులకు ఉద్దేశించినవి. చిన్న పంజరంలో అవి కళ్ళకు, చర్మానికి హాని చేస్తాయి. రెండడుగుల పంజరానికి సుమారు 55 సెంటీమీటర్ల పొడవుండే 24 వాట్ల ట్యూబు చాలు.

చుట్టలు తిరిగిన చిన్న కాంపాక్ట్ బల్బులు చవకగా దొరుకుతాయి కనుక చాలామంది వాటినే కొంటారు. వాటి కిరణాలు ఇరుకైన ఒక చోట మాత్రమే పడతాయి, కొంచెం దూరం జరిగితే ఏమీ ఉండవు. ఊసరవెల్లి ఒక కొమ్మ మీద నుంచి మరో కొమ్మ మీదికి మారుతూ తనకు కావలసినంత వెలుగును తానే ఎంచుకునే జంతువు. డీ3 తక్కువగా ఉన్న పాంథర్ ఊసరవెల్లులు అతినీలలోహిత కాంతిలో ఎక్కువసేపు గడుపుతాయని 2009లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. అలా ఎంచుకునే వీలు పొడవాటి ట్యూబే ఇస్తుంది. వేడినీ యూవీబీనీ కలిపి ఇచ్చే మెర్క్యురీ వేపర్ బల్బులను మన ప్రాంతంలో అసలు తలపెట్టవద్దు. ఎండాకాలంలో వేడి వద్దనుకుని దాన్ని ఆర్పితే వెలుగు కూడా పోతుంది.

ఒక ముఖ్యమైన విషయం. మన ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే 28 వాట్ల టీ5 పట్టీలకు, ఎల్‌ఈడీ బ్యాటన్లకు ఈ ట్యూబును తగిలించకూడదు. లావు ఒకటే అయినా పొడవు, చోకు వేరు. ట్యూబుతో పాటు దానికి తగిన ఫిట్టింగునే కొనండి.

నీళ్ళ ఫిల్టరు యూవీ ట్యూబు, దోమల యంత్రపు నీలి ట్యూబు కూడా యూవీయే కదా?

వాటి జోలికి పోవద్దు. నీటిని శుద్ధిచేసే ట్యూబులు, కరోనా రోజుల్లో గదులను శుభ్రం చేయడానికని అమ్మిన ట్యూబులు ఇచ్చేది యూవీసీ అనే మరో రకం. అది జంతువు కళ్ళనూ చర్మాన్నీ కాల్చేస్తుంది, మీ కళ్ళను కూడా. దోమలను ఆకర్షించే నీలి ట్యూబు యూవీఏ అనే ఇంకో రకాన్ని మాత్రమే ఇస్తుంది, దానితో డీ3 తయారుకాదు.

ట్యూబు ఎంత ఎత్తులో ఉండాలి? ఎన్నాళ్ళకు మార్చాలి?

5.0 లేదా 6 శాతం టీ5 ట్యూబును పంజరం పైనున్న మెష్ మీద పెట్టినప్పుడు, ఊసరవెల్లి వీపుకూ ట్యూబుకూ మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉండేటట్లు పై కొమ్మను కట్టండి. కొమ్మ నుంచి కాక వీపు నుంచి కొలవాలని గుర్తుంచుకోండి. పెరిగిన మగ వీల్డ్ ఊసరవెల్లి తలమీది తురాయితో కలిపి కొమ్మ మీద చాలా ఎత్తే ఉంటుంది. దోమతెర వంటి సన్నని అల్లిక కిరణాల్లో మూడోవంతు నుంచి సగం వరకూ ఆపేయగలదు కనుక, పైభాగానికి మాత్రం కాస్త వెడల్పు కన్నులున్న మెష్ వేయించడం మంచిది. అతినీలలోహిత కిరణాల తీవ్రతను తెలిపే సూచిని (యూవీ ఇండెక్స్) కొలిచే మీటరు ఉంటే, ఎండ కాచుకునే కొమ్మ దగ్గర ఆ సూచి 2, 3 మధ్య ఉండేలా చూసుకోండి. ఆ మీటరు ఖరీదైనది. నలుగురు పెంపకందారులు కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకోవచ్చు.

టీ5 ట్యూబును సంవత్సరానికి ఒకసారి, కాంపాక్ట్ బల్బు వాడుతున్నవారు ఆరు నెలలకు ఒకసారి మార్చాలి. కంటికి కనిపించే వెలుగు ఎప్పటిలాగే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది కనుక, వెలుగుతోంది కదా అని ఊరుకోకూడదు. బిగించిన తేదీని ఫిట్టింగు మీదే రాసిపెట్టుకోండి.

పంజరంలో ఎన్ని డిగ్రీలు ఉండాలి?

పెరిగిన మగ వీల్డ్ ఊసరవెల్లికి ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 29 నుంచి 32 డిగ్రీలు, ఆడదానికీ పిల్లలకూ 27 డిగ్రీల దరిదాపు చాలు. పంజరం మధ్యభాగం 23 నుంచి 27 వరకు ఉండవచ్చు, అడుగున మొక్కల నీడలో అంతకంటే చల్లగా ఉండాలి. రాత్రిపూట 20 డిగ్రీలకు, వీలైతే ఇంకొంచెం కిందికి దిగాలి. ఆడ ఊసరవెల్లి మగ తోడు లేకున్నా గుడ్లు పెడుతుంది. వేడి, మేత ఎక్కువైన కొద్దీ గుడ్ల సంఖ్య పెరిగి దాని ప్రాణం మీదికి వస్తుంది కనుక, ఆడదాని విషయంలో ఆ రెండు మూడు డిగ్రీల తేడాను తేలికగా తీసుకోవద్దు.

పైనుంచి కిందికి వేడి క్రమంగా తగ్గడమే అసలు కీలకం. పంజరమంతా ఒకే వేడిగా ఉంటే, వేడెక్కిన జంతువు ఎక్కడికీ తప్పుకోలేదు.

వేడికి ఏ బల్బు వాడాలి?

కోడిపిల్లల బ్రూడర్లలో వాడే మామూలు 40 లేదా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు చాలు. రంగు వేసిన ఎర్ర బల్బులు, నీలి బల్బులు, సిరామిక్ హీటర్లు అవసరం లేదు. బల్బు పంజరం బయట, మెష్‌కు పైన ఉండాలి. ఊసరవెల్లి మెష్‌ను పట్టుకుని తలకిందులుగా నడుస్తుంది కనుక, మెష్ మీదే బల్బు ఆనించి పెడితే చర్మం కాలుతుంది.

ఇది నా ఇంట్లో జరిగింది. మొదటి సంవత్సరం ఒక విదేశీ పుస్తకంలో చెప్పినట్లు 100 వాట్ల బల్బును మెష్‌కు ఆనించి పెట్టాను. ఒళ్ళంతా వెచ్చబడేలోపే, బల్బుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న తురాయి అంచు కాలిపోయింది. ముందు లేతగా పాలిపోయిన చోటు తరువాత నల్లబడి ఊడిపోయింది. జంతువు బతికింది కానీ ఆ మచ్చ పోలేదు. అప్పటి నుంచి బల్బును ఒక స్టాండుకు కట్టి మెష్‌కు కనీసం 10 సెంటీమీటర్ల పైన ఉంచుతున్నాను, కొమ్మ మీద నా అరచేతిని రెండు నిమిషాలు ఉంచి చూసి, చురుక్కుమంటే ఇంకా పైకి జరుపుతున్నాను.

ఎండాకాలంలో ఏం చేయాలి?

ఏప్రిల్ నుంచి జూన్ వరకూ, అవసరమైతే అంతకంటే ఎక్కువ రోజులు, వేడి బల్బును తీసి లోపల పెట్టేయండి. యూవీబీ ట్యూబును మాత్రం రోజూ వెలిగించాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో స్లాబు కింద పై అంతస్తు గది రాత్రి పదింటికి కూడా చల్లబడదు. పంజరాన్ని కింది అంతస్తులోకి, పడమటి గోడకు దూరంగా మార్చడం మొదటి పని. 35 డిగ్రీలు దాటిన గదిలో జంతువును గంటల తరబడి ఉంచకూడదు, కాబట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఐదు వరకైనా ఏసీ గది కావాలి. ఏసీని 25 లేదా 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా పంజరం మీద పడకుండా చూడండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది కనుక ఆ రోజుల్లో ఆకులను మరికొన్ని సార్లు తడపాలి.

కూలరు గురించి చాలామంది అడుగుతారు. నీరు ఆవిరైతేనే కూలరు చల్లబరుస్తుంది. పడమటి మెట్ట ప్రాంతాల పొడి వేడికి అది బాగా పనిచేస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న నెల్లూరు, ఒంగోలులలో వడగాలి తోలే మధ్యాహ్నాల్లో కొంత మేలు చేసినా, సముద్రపు గాలి తిరిగిన తరువాత గదిని చల్లబరచదు, ఉక్కబోతను పెంచుతుంది. వేడి, చెమ్మ కలిసి నిలిచిన గాలి ఊసరవెల్లి ఊపిరితిత్తులకు చేటు. అందుకే పొగమంచు యంత్రాలను కూడా మన రాత్రుల్లో వాడవద్దంటాను. అవి చల్లని రాత్రులకు ఉద్దేశించినవి.

నిజం చెప్పాలంటే, వేసవిలో ఒక గదిని చల్లగా ఉంచలేని ఇంట్లో ఊసరవెల్లిని పెంచకూడదు. ఈ మాట కొనబోయేవారికి నచ్చదు, అయినా కొనకముందే చెప్పడం నా బాధ్యత.

రాత్రిపూట చిన్న జీరో బల్బు పెట్టవచ్చా? చలి వేయదా?

వద్దు. ఊసరవెల్లికి రాత్రి పూర్తి చీకటి, పగటికంటే చల్లదనం రెండూ కావాలి. అది పగటి జంతువు. రాత్రి వెలుగు ఏ రంగుదైనా నిద్ర చెడగొడుతుంది. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి ఉండేటట్లు టైమరు పెట్టండి. గదిలో టీవీ చూస్తుంటే పంజరం మీద పలుచని నూలు గుడ్డ కప్పండి.

వేడి రాయి, కింద పరిచే హీటింగ్ ప్యాడ్ పనికొస్తాయా?

పనికిరావు. ఊసరవెల్లి వెచ్చదనాన్ని పైనుంచి, సూర్యుడి దిక్కు నుంచి తీసుకునే జంతువు.

డిసెంబరు, జనవరి నెలల్లో, తుఫాను రోజుల్లో ఏం చేయాలి?

మన తీరంలో చలికాలపు తెల్లవారుజామున సాధారణంగా 20 డిగ్రీల దరిదాపులో ఉంటుంది. ఇది ఊసరవెల్లికి ఇబ్బంది కాదు, హాయి. సంవత్సరం మొత్తంలో దానికి సరైన రాత్రి చల్లదనం దొరికేది ఈ కొద్ది వారాల్లోనే. ఉదయం ఏడు నుంచి పది వరకు వేడి బల్బు వేస్తే చాలు.

మన జిల్లాలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనంతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో మధ్యాహ్నం కూడా బల్బు వెలిగించవచ్చు. తుఫానుకు రెండు మూడు రోజులు కరెంటు పోయినా కంగారు పడనక్కరలేదు. వెలుగు లేని ఆ కొద్ది రోజుల్లో ఎముకలు దెబ్బతినవు. ఒళ్ళు వెచ్చబడని జంతువుకు మేత అరగదు కనుక పురుగులను తగ్గించి, నీళ్ళు మాత్రం అందించండి. మే నెలలో కరెంటు పోవడమే అసలు ప్రమాదం. అప్పుడు పంజరాన్ని ఇంట్లో అన్నిటికంటే చల్లని మూలకు చేర్చి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాలను పంజరం బయట పెట్టి, ఆకులను తడుపుతూ ఉండండి.

మేడ మీద అసలైన ఎండలో పెట్టవచ్చా?

పెట్టవచ్చు, పెట్టాలి కూడా. ఏ దీపమూ ఎండకు సాటిరాదు. అయితే నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ ఎండలో బోనులో ఇరుక్కున్న జంతువు నిమిషాల్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య, అరగంట చొప్పున, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. అన్ని వైపులా మెష్ ఉన్న బోనునే వాడాలి, అద్దపు తొట్టిని ఎన్నడూ ఎండలో పెట్టకూడదు. బోనులో సగం భాగంలో ఆకుల నీడ ఉండాలి. మీరు పక్కనే ఉండాలి. కాకులు, పిల్లులు, గండుచీమలు మూడూ ప్రమాదమే.

హోల్డర్లు, వైర్ల విషయంలో జాగ్రత్తలేమిటి?

విదేశీ సరీసృపాల బల్బులు చాలావరకు మరలు తిప్పే రకం, మన ఇళ్ళ హోల్డర్లు పిన్నుల రకం. మరల హోల్డరు పింగాణీది కొనండి, వేడికి ప్లాస్టిక్‌ది కరుగుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన బల్బు మీద 110 లేదా 120 వోల్టులని ఉంటే, మన 230 వోల్టులకు అది పేలిపోతుంది. ఆకులను తడిపేటప్పుడు వేడెక్కిన బల్బు మీద నీటిచుక్క పడినా గాజు పగులుతుంది, కాబట్టి ముందు ఆర్పి తరువాత తడపండి. వైరు ప్లగ్గుకు చేరేముందు కొంచెం కిందికి వేలాడేలా ఉంచితే, దాని వెంట జారిన నీరు అక్కడే కారిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

వేడిని ఎలా కొలవాలి?

తీగ చివర ప్రోబు ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు తీసుకుని ఒకటి పై కొమ్మకు, రెండోది కింది నీడలో కట్టండి. నుదురు చూసే తుపాకీ థర్మామీటరు మనిషి జ్వరానికి తగిన పరిధిలోనే పనిచేస్తుంది, అది ఇక్కడ తప్పు లెక్క చూపిస్తుంది. తుపాకీ థర్మామీటరే వాడాలనుకుంటే యంత్రాల వేడి చూసే రకం కావాలి.

మొక్కలకు వేరే లైటు కావాలా?

6500 కెల్విన్ (పగటి వెలుగు రంగు) అని రాసి ఉన్న తెల్లని ఎల్‌ఈడీ ఒకటి యూవీబీ ట్యూబు పక్కన పెట్టండి. మనీప్లాంటు, మందార రెండూ దాని కింద బాగా పెరుగుతాయి, పంజరం కూడా పగటిలా వెలుగుతుంది. మందార ఆకులనూ పూలనూ వీల్డ్ ఊసరవెల్లి తింటుంది కనుక పురుగుమందు కొట్టని మొక్కనే తేవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో జంతువును చూసి ఎలా తెలుసుకోవాలి?

ఉదయం ముదురు రంగులో ఉండి, ఒంటిని పలకలా వెడల్పు చేసి వెలుగువైపు తిప్పితే అది వేడి కోరుకుంటోంది. కొంతసేపటికి రంగు తేలి, కిందికి దిగి తిరుగుతుంటే మీ అమరిక సరిగ్గా ఉన్నట్లే. రోజంతా నల్లగా ఆ కొమ్మనే పట్టుకుని ఉంటే వేడి చాలడం లేదు, లేదా జబ్బుతో ఉంది. బాగా పాలిపోయి, నోరు తెరిచి, అడుగుకు దిగి ఉంటే వెంటనే చల్లబరచాలి. ఈ రంగుల మార్పు వెనుక చర్మకణాల్లోని గ్వానిన్ అనే పదార్థపు సన్నని స్ఫటికాల అమరిక ఉందని, వాటి లోపలి పొర సూర్యుడి పరారుణ కాంతిని తిప్పికొడుతుందని 2015లో పాంథర్ ఊసరవెల్లులపై చేసిన పరిశోధనలో తేలింది. లోపల ఇంతటి ఏర్పాటు ఉన్నా, అది తప్పుకోవడానికి నీడ ఉన్నప్పుడే అక్కరకొస్తుంది.

పగటిపూట కళ్ళు మూసుకుని ఉండటం మంచి సంకేతం కాదు. కొత్త ట్యూబు బిగించిన వారంలో ఇలా జరిగితే ముందు ట్యూబును ఆర్పి, దూరం మళ్ళీ కొలిచి చూడండి. కళ్ళు వాచినా, పట్టు సడలినా, కొమ్మ మీద నడుస్తూ వణికినా, ఇంట్లో ప్రయోగాలు చేయకుండా అదే రోజు సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. వెళ్ళేటప్పుడు పంజరం ఫొటోలు, ట్యూబు పెట్టె, రెండు థర్మామీటర్ల అంకెలు రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్ళండి. వైద్యుడు ముందుగా అడిగేవి అవే.